సుశ్రుతాచార్యుడు : శాస్త్రము, హస్తము

శల్యతంత్రమనగానే సుశ్రుతాచార్యుని నామము స్మరణకు వచ్చును. తెగిన చెవిని కూర్చుట, కోసివేయబడిన ముక్కును మరల నిలుపుట, చీలిన పెదవిని సంధించుట మున్నగు కర్మలను నేటి వైద్యులు ప్లాస్టిక్ సర్జరీ యని వ్యవహరించుచున్నారు. పునర్నిర్మాణ శస్త్రచికిత్స యని దీనికి తెలుగున వ్యవహారము. ఈ శాఖకు మూలపురుషుడని లోకము సుశ్రుతుని కీర్తించుచున్నది. అయితే కీర్తించువారిలో పెక్కుమంది ఆయన సంహితలోని సూత్రస్థానము పదునారవ అధ్యాయమును తెరచి చూచినవారు కారు. చూడక చేసిన స్తుతియందు రెండు దోషములు కలుగుచున్నవి. ఆచార్యుడు చెప్పనిదానిని ఆయనకు ఆపాదించుట మొదటిది. ఆయన చెప్పినదానిలో ముఖ్యమైన దానిని విడిచిపెట్టుట రెండవది. గ్రంథసాక్ష్యమును పట్టుకొని ఆయన చరితమును పరిశీలించినచో, ఆయన ఘనత ఒక్క నాసాసంధాన విధిలోనే లేదనియు, చదువును చేతిపనిని విడదీయరాదను నియమమునందు ప్రధానముగా నున్నదనియు తేటపడును.

వంశము, కాలము

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని సంహితయే చెప్పుచున్నది. మహాభారతము ఆనుశాసనిక పర్వమున విశ్వామిత్రపుత్రుల పట్టికలో సుశ్రుతుని పేరు కలదు. ఈ విశ్వామిత్రుడు రామాయణ ప్రసిద్ధుడైన గాధేయుడా, లేక ఆ గోత్రమున పుట్టిన మరియొకడా యను చర్చ పండితులలో జరిగినది. గోత్రనామములు తరతరములకు అనువర్తించుట మన దేశమున సహజము. కావున తండ్రి పేరును బట్టి కొడుకు కాలమును నిర్ణయించుట యుక్తము కాదు. పాణినీయ గణపాఠమున సౌశ్రుత శబ్దము కానవచ్చుచున్నది. అది సుశ్రుతుడనువాని సంబంధులను బోధించును. ఆ సుశ్రుతుడు శల్యాచార్యుడే యని మాత్రము ఆ శబ్దమొక్కటియే నిరూపింపజాలదు.

హర్న్‌లే పండితుడు సుశ్రుతుని క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్ది ప్రాంతమున నిలిపెను. తరువాతి పరిశోధకులలో పలువురు సంహిత ఒక్కనాట పుట్టినది కాదనియు, క్రీస్తునకు పూర్వపు శతాబ్దులలో ఆరంభమై క్రీ.శ. 500 ప్రాంతమునకు ఇంచుమించు నేటి రూపమును పొందినదనియు తలచిరి. 1890లో మధ్య ఆసియాలోని కుచా ప్రాంతమున లభించిన బౌవర్ వ్రాతప్రతిలో ఓషధివిద్యను విచారించు ఋషుల నడుమ సుశ్రుతుడు పేర్కొనబడినాడు. ఆ ప్రతి క్రీ.శ. ఆరవ శతాబ్ది దాటినది కాదని పండితుల నిర్ణయము. అనగా అప్పటికే ఆచార్యుని కీర్తి హిమాలయములను దాటి పోయియుండెను.

కాశీరాజు ఆశ్రమమున

సుశ్రుతుని జీవితమున మనకు స్పష్టముగా కనబడు మొదటి ఘట్టము గురుసన్నిధికి చేరుట. కాశీరాజైన దివోదాసుడు ఋషిగణ పరివేష్టితుడై ఆశ్రమమున నుండెను. ధన్వంతరి యవతారమే ఆయన యని సంప్రదాయము. ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు, సుశ్రుతుడు మొదలగువారు కలిసి ఆయనను సమీపించిరి. శారీర మానస వ్యాధులచే పీడితులై, రక్షకులుండియు దిక్కులేనివారివలె తల్లడిల్లు జనులను చూచి తమ మనస్సు వ్యథ చెందినదని వారు విన్నవించిరి. వారి చదువునకు కారణము వాదమున గెలుపు కాదు, రాజాస్థానమున సన్మానము కాదు. ఇతరుల బాధను చూచి ఓర్వలేకపోవుటయే.

ఆయుర్వేదమునకు అష్టాంగములు కలవనియు, అందు దేనిని ఎవరికి బోధింపవలెననియు గురువు ప్రశ్నించెను. శల్యమునే మూలముగా చేసికొని బోధింపుమని శిష్యులందరును ఏకముఖముగా కోరిరి. అందరి పక్షమున సుశ్రుతుడు ప్రశ్నించుననియు, తక్కినవారు వినుచు గ్రహింతురనియు వారే నిశ్చయించిరి. సహాధ్యాయులు తమలో ఒకని ప్రశ్నకర్తగా ఎన్నుకొనుట సామాన్యమైన గౌరవము కాదు. సందేహమును సరిగా పుట్టించుకొని, సరిగా అడుగగలవాడే అట్టి పనికి తగును. ఆ సహాధ్యాయులలో కొందరి పేర తంత్రములుండెనని వ్యాఖ్యాతల ఉల్లేఖములవలన తెలియుచున్నది. సమగ్రముగా మనదాక వచ్చినది మాత్రము ప్రశ్నించినవాని గ్రంథమే.

శల్యమునకు ప్రథమస్థానమేల? అది శీఘ్రముగా పనిచేయుట, యంత్రశస్త్ర క్షారాగ్నుల ప్రయోగము కలిగియుండుట, తక్కిన తంత్రములకును సమానముగా ఉపయోగపడుట కారణములుగా చెప్పబడినవి. శిష్యుని యోగ్యతను చెప్పుచోట మరియొక విశేషము కలదు. త్రైవర్ణికులను ఉపనయన పూర్వకముగా చేర్చుకొను విధిని చెప్పి, కులగుణసంపన్నుడైన శూద్రునికి సైతము మంత్రములు విడిచి, ఉపనయనము లేకయే ఈ విద్యను బోధింపవచ్చునను కొందరి మతమును సంహిత భద్రపరచినది. ఈ చిన్న వాక్యమునకు ఎంత దూరపు ఫలితము కలిగెనో ముందు తెలియగలదు.

పక్షికి రెండు రెక్కలు

దివోదాసుని గురుకులమున శిక్షణ రెండు భాగములుగా నడచెను. మొదటిది అధ్యయనము, రెండవది యోగ్య, అనగా హస్తాభ్యాసము. శాస్త్రము మాత్రమే తెలిసి కర్మ తెలియనివాడు రోగిని చూడగానే యుద్ధభూమి చేరిన పిరికివానివలె మోహము చెందునని సంహిత చెప్పుచున్నది. ధైర్యముతో కర్మ చేయనేర్చి శాస్త్రము తెలియనివాడు సత్పురుషుల మన్ననకు పాత్రుడు కాడనియు, రాజు చేత దండ్యుడనియు చెప్పుచున్నది. ఇద్దరును ఒక్క రెక్క గల పక్షులతో పోల్చబడిరి. అర్థము తెలియక పాఠమును మోయువాడు గంధపుచెక్కల మోపు మోయు గాడిదతో పోల్చబడెను. వల్లెవేయుటయే చదువనుకొను పాఠశాలకు ఇంతకంటె కఠినమైన హెచ్చరిక మన వాఙ్మయమున అరుదు.

అభ్యాసక్రమము మిక్కిలి వివరముగా చెప్పబడినది. ఛేద్యకర్మను బూడిదగుమ్మడి, సొర, పుచ్చ, దోస మున్నగు కాయలపై నేర్పుదురు. హైదరాబాదునకు తూర్పున, 2022లో గడ్డిఅన్నారమునుండి తరలివచ్చిన బాటసింగారము పండ్ల విపణిలో వేసవినాడు రాశులుగా పోసిన పుచ్చకాయలను చూచిన విద్యార్థికి ఈ సామగ్రి ఎంత సులభమైనదో చెప్పనక్కరలేదు. ధనము లేనివాడును నేర్వదగిన విద్య ఇది. నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తులపై భేద్యమును, రోమములతో కూడిన తోలుపై లేఖ్యమును, చనిపోయిన పశువుల సిరలయందును కలువకాడలయందును వేధ్యమును అభ్యసింపవలెను. పురుగు తిన్న కొయ్య, వెదురు, ఎండిన సొరబుర్ర ఏష్యమునకు తగినవి. పనస, దొండ, మారేడు గుజ్జునుండి గింజలను లాగుట ఆహార్యమునకు అభ్యాసము. బూరుగు పలకపై పూసిన మైనము విస్రావ్యమునకు, వస్త్రముల అంచులును మెత్తని తోలును సీవ్యమునకు, అనగా కుట్టుటకు ఉపయోగించును. కట్లు కట్టుటను మనుష్యాకృతి గల బొమ్మపై నేర్వవలెను. చెవిని సంధించుటకు మెత్తని తోలు, మాంసఖండములు, కలువకాడలు విధింపబడినవి. మనుష్యుని చెవిని తాకుటకు ముందు కలువకాడను కూర్చుట రావలెనను మాట.

యంత్రములు నూటయొకటి, శస్త్రములు ఇరువది యని లెక్క. ఆ నూటయొక్క యంత్రములలో హస్తమే ప్రధానతమమని సంహిత నిర్ణయించినది. చేయి లేనిదే తక్కిన యంత్రములు ప్రవర్తింపవని కారణము చెప్పబడినది.

శరీరజ్ఞానమునకు శవపరీక్ష విధింపబడినది. అంగములన్నియు గల, విషముచే మరణింపని, దీర్ఘరోగము లేని, నూరేండ్లు నిండని వాని దేహమును గ్రహించి, ప్రేగుల మలమును తీసి, ముంజ, దర్భ, జనుము మున్నగువానిలో చుట్టి, పంజరమున నుంచి ప్రవాహమున రహస్యస్థలమున ఏడు రాత్రులు నిలుపవలెను. నానిన దేహమును వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మొదలగువానితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుచు చర్మము మొదలుకొని లోపలి అంగములనెల్ల కన్నులతో చూడవలెను. ప్రత్యక్షముగా చూచినదియు శాస్త్రమున చదివినదియు కలిసినపుడే జ్ఞానము వృద్ధి పొందునని ఆచార్యుని మతము. శవస్పర్శకు ఆశౌచమును పాటించు సమాజమున ఈ విధిని నిలుపుటకు ఎంతటి నిశ్చయబుద్ధి కావలెనో ఊహింపవచ్చును.

విద్య ముగిసిన పిమ్మట శిష్యుడు రాజానుజ్ఞను పొంది, గోళ్ళు వెంట్రుకలు కత్తిరించుకొని, శుచియై, తెల్లని వస్త్రము ధరించి వైద్యవృత్తిలో ప్రవేశింపవలెను. సుశ్రుతుడును ఇట్లే ప్రవేశించెనని ఊహించుట సమంజసము.

కర్ణసంధానము

పదునారవ అధ్యాయము ముక్కుతో మొదలుకాదు, చెవితో మొదలగును. రక్షకును అలంకారమునకును శిశువునకు ఆరవ లేక ఏడవ మాసమున శుక్లపక్షమున చెవులు కుట్టవలెను. శిశువును ఒడిలో కూర్చుండబెట్టి, ఆటవస్తువులతో మురిపించుచు, వైద్యుడు ఎడమచేత చెవిని లాగి, సూర్యకాంతి ప్రసరించు సహజ రంధ్రమును గుర్తించి, కుడిచేత మెల్లగా సూటిగా కుట్టవలెను. పిదప దూదివత్తిని ఉంచి నూనెతో తడుపవలెను. మూడేసి దినములకొకసారి లావైన వత్తిని మార్చుచు రంధ్రమును పెంచవలెను.

అట్లు పెంచిన తమ్మె దోషముచేతనో దెబ్బచేతనో రెండుగా తెగుట కలదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పములయందలి స్త్రీపురుషుల దీర్ఘకర్ణములను, బరువైన కర్ణాభరణములను చూచినవారికి ఈ చికిత్స ఆనాటి సమాజమున ఎంత అవసరమైనదో బోధపడును. తెగిన చెవిని కూర్చుటకు నేమిసంధానకము మొదలుకొని కాకౌష్ఠకము వరకు పదునైదు విధములు చెప్పబడినవి. అందు మొదటి పది సాధ్యములనియు, సంక్షిప్తము మొదలగు తుది యైదు అసాధ్యములనియు విభాగము చేయబడినది. ఐదింటిని అసాధ్యములని ఒప్పుకొనుట గమనింపదగినది. చేయలేని దానిని చేయలేనని చెప్పుటయు శాస్త్రములో భాగమే.

కర్మక్రమమున తొందరపాటు లేదు. రోగికి లఘువుగా భుజింపజేసి, ఆప్తులచే పట్టించి, అంచులను చెక్కి, స్రవించు రక్తమును పరీక్షింపవలెను. దోషమును బట్టి కాంజికముతోనో, చల్లని నీటితోనో, పాలతోనో కడుగవలెను. ఎత్తుపల్లములు లేకుండ అంచులను కలిపి, తేనెను నేతిని పూసి, దూదితోను గుడ్డతోను కప్పి, గట్టిగను వదులుగను కాకుండ దారముతో కట్టవలెను. అటుపిమ్మట రోగి చెవిని రాపిడి చేయరాదు, పగలు నిద్రింపరాదు, ఎక్కువగా మాటలాడరాదు. రక్తము దుష్టమైనపుడు సంధించినచో పుండు మానదని నిషేధము చేయబడినది.

తమ్మె బొత్తిగా లేనివానికి గండకర్ణ విధి కలదు. చెంపనుండి మాంసమును లేపి, దానిని పూర్తిగా తెంపక, మూలముతో సంబంధము నిలిచి జీవముతో నుండగనే చెవితమ్మెగా అమర్చవలెను. ఈ విధిలో ఆధునిక పునర్నిర్మాణ శస్త్రచికిత్సకు ఆధారమైన సూత్రము స్పష్టముగా కలదు. చర్మఖండము ఒక కొసన తన మూలస్థానమునకు అంటియుండినంత కాలము దానికి రక్తము అందును. కొత్త స్థానమున అతికి, అచ్చటినుండి రక్తము అందసాగిన తరువాతనే పాత సంబంధమును తెంపదగును. ముందుగా తెంపినచో ఆ ఖండము నశించును. రక్తనాళములను గూర్చిన నేటి వివరములు తెలియకపోయినను, మాంసము జీవించుటకు సంబంధము కావలెనను సత్యము ఆ గురుకులమునకు అనుభవమున తెలిసియుండెను.

నాసాసంధానము

ముక్కుచెవులు కోయుట మన దేశమున ప్రాచీనమైన దండనము. యుద్ధములందు శత్రువును అవమానించుటకును ఈ క్రూరకర్మ జరుగుచుండెను. ముక్కు పోయినవానికి శ్వాస ఆగదు, ఆయువు తరుగదు. పోవునది పదిమందిలో తలయెత్తుకొని తిరుగు అధికారము. దండన నియమములను వ్రాసిన గ్రంథములు మనకు పెక్కు కలవు. దండితునికైనను, పరాజితునికైనను ముఖమును మరల ఇయ్యదలచిన గ్రంథము ఇది.

విధి యిట్టిది. పోయిన ముక్కు పరిమాణమున ఒక చెట్టు ఆకును తీసికొని కొలతగా ఉంచుకొనవలెను. ఆ కొలతకు సరిపడ చెంపప్రక్కనుండి చర్మమాంసములను లేపవలెను. ఒక కొస అంటియే యుండవలెను. ముక్కు మిగిలిన భాగమును చెక్కి పచ్చి చేసి, లేపిన ఖండమును వెంటనే దానిపై చేర్చి, అప్రమత్తుడై చక్కగా కట్టవలెను. ముక్కుపుటములు మూసికొనిపోకుండ రెండు నాళములను అమర్చి ఎత్తి నిలుపవలెను. వకపుచెక్క, అతిమధురము, అంజనముల చూర్ణమును చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడుపవలెను. ఆహారము జీర్ణమైన పిమ్మట నెయ్యి త్రావించి, యథావిధిగా విరేచనము చేయింపవలెను. గాయము మాని సంధానము కుదిరిన తరువాత చెంపతో మిగిలిన సంబంధమును కోయవలెను. ముక్కు చిన్నదైనచో పెంచుటకు యత్నింపవలెను. మాంసము అధికమైనచో సమము చేయవలెను. పెదవిని సంధించుటకును ఇదియే క్రమము, నాళములు మాత్రము లేవు.

ఇందు నుదుటి ప్రస్తావన ఎచ్చటను లేదు. గ్రంథము చెప్పునది చెంప. నుదుటి చర్మముతో ముక్కును కట్టు పద్ధతిని సుశ్రుతుడే వ్రాసెనని వ్యాసములందును సభలందును వినబడు మాట మూలమునకు విరుద్ధము. ఆచార్యుని కీర్తికి ఈ అరువు అక్కరలేదు. ఆకుతో కొలత, అంటిన ఖండము, నాళములు, రెండవ దఫా కోత అను నాలుగు అంశములను ఒక్క చోట ఇంత క్లుప్తముగా, క్రమము తప్పక చెప్పుటయే చాలినంత కీర్తి.

రోగియెడల ధర్మము

సంహితలో వైద్యుని నడవడిని గూర్చిన భావములు కర్మవిధులంత సూక్ష్మములు. రోగి తల్లిని, తండ్రిని, కొడుకులను, బంధువులను సైతము శంకించునేమో కాని వైద్యుని మాత్రము నమ్మి తన్ను తాను అర్పించుకొనును. కావున వైద్యుడు రోగిని కన్నకొడుకువలె కాపాడవలెనని ఉపదేశము. శస్త్రకర్మకు ముందు, కొన్ని వ్యాధులలో తప్ప, రోగికి ఇష్టమైన భోజనమును, అలవాటు గలవానికి తీక్ష్ణమద్యమును ఇయ్యవలెనని విధి. తిన్నవాడు మూర్ఛ పోడనియు, మత్తుగొన్నవాడు శస్త్రబాధను ఎరుగడనియు కారణము చెప్పబడినది. క్లోరోఫారము లేని కాలమున బాధను తగ్గించుటకు చేసిన యత్నము ఇది. అశ్మరి వంటి ప్రాణసంశయము గల కర్మను చేయుటకు ముందు రాజునకు విన్నవింపవలెనని చికిత్సాస్థానమున కలదు.

సంహిత ప్రయాణము

సుశ్రుతుని దేహయాత్ర ఎచ్చట ముగిసెనో సంప్రదాయము చెప్పలేదు. అటుపిమ్మట ఆయన చరితమనగా సంహిత చరితమే. సూత్ర, నిదాన, శారీర, చికిత్సా, కల్ప స్థానములు ఐదింట 120 అధ్యాయములు, ఉత్తరతంత్రమున 66 అధ్యాయములు కలవు. ఈ గ్రంథమును నాగార్జునుడు ప్రతిసంస్కరించెనని వ్యాఖ్యాత డల్హణుడు చెప్పెను. నాగార్జున నామము వినగానే ఆంధ్రులకు కృష్ణాతీరమునందలి విజయపురి మనస్సున మెదలుట సహజము. నాగార్జున నామధేయులు పలువురుండుటచే ఆ సంబంధమును సిద్ధాంతముగా చెప్పుట తగదు. వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తరస్థానమున కర్ణనాసాసంధాన విధులను మరల చెప్పెను. బాగ్దాదున అబ్బాసీ ఖలీఫాల కాలమున యహ్యా బర్మకీ ప్రోత్సాహముతో మంకా యను భారతీయ వైద్యుడు సంహితను అరబ్బీలోనికి తెచ్చెనని ఇబ్నుల్ నదీము తన గ్రంథసూచిలో తెలిపెను.

తెలుగుదేశమున విద్యయు వైద్యమును ప్రక్కప్రక్కన నిలిచిన కాలము కలదు. రుద్రమదేవి పాలనలో క్రీ.శ. 1261 నాటి మల్కాపురము శాసనము విశ్వేశ్వర శివాచార్యుని గోళకీమఠమునకు సంబంధించినది. అందు వేదశాస్త్రములు బోధించు విద్యాస్థానముతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల పోషింపబడినట్లు చెప్పబడినది. పాఠము చెప్పు గురువును రోగిని చూచు వైద్యుడును ఒక్క ధర్మసంస్థలో భృతి పొందిరి.

అయినను కాలక్రమమున శస్త్రకర్మ పండితకులముల నుండి జారిపోయెను. ధర్మశాస్త్ర దృష్టి ఇందుకు ఒక కారణము. మనుస్మృతి శ్రాద్ధమునకు పిలువదగనివారిలో చికిత్సకుని చేర్చినది, వాని అన్నమును నిషిద్ధాన్నములలో గణించినది. రక్తమును చీమును తాకు చేయి అశుచియని తలంపు బలపడినకొలది, పాఠము పండితుని నోట మిగిలి, కర్మ శాస్త్రము చదువని కులవృత్తులవారి చేతికి చేరెను. ఆచార్యుడు భయపడినట్లే పక్షి రెక్కలు వేరైపోయినవి.

పుణ్యపురి నాసావైద్యుడు

ఆ చేతివిద్య నశింపలేదనుటకు నిదర్శనము 1794 అక్టోబరు నెల జెంటిల్‌మన్స్ మాగజైను అను లండను పత్రికలో వెలువడినది. కవాస్జీ యను మహారాష్ట్రుడు 1792 నాటి యుద్ధమున ఆంగ్ల సైన్యమునకు ఎడ్లు తోలువాడుగా నుండి టిప్పూ సుల్తానుకు బందీయై ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. సుమారు ఏడాది పిమ్మట పుణె దగ్గర ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒక వైద్యుడు అతనికి ముక్కును నిలిపెను. థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే యను ఆంగ్లవైద్యులు దానిని చూచిరి.

ఆ వైద్యుడు పలుచని మైనపు పలకను ముక్కు మోడుపై అమర్చి, దానిని సమముగా పరచి నుదుటిపై నుంచి, ఆ గీత మేరకు చర్మమును లేపెను. కన్నుల నడుమ చిన్న సంబంధమును నిలిపెను. చర్మమును క్రిందికి త్రిప్పి ముక్కు స్థానమున చేర్చి, కుట్లు లేకయే కాచుతో తడిపిన గుడ్డపేలికలను అంటించెను. ఐదారు దినములు రోగి వెల్లకిల పరుండెను. పదవ దినమున ముక్కుపుటములలో మెత్తని గుడ్డను ఉంచిరి. ఇరువదియైదవ దినము ప్రాంతమున సంబంధమును కోసిరి. ఆకు స్థానమున మైనము, చెంప స్థానమున నుదురు వచ్చినవి. కొలత, అంటిన ఖండము, పుటముల రక్షణ, రెండవ దఫా కోత యథాతథముగా నిలిచినవి. ఈ పద్ధతికి సంహితయే మూలమా, స్వతంత్రముగా పుట్టినదా యని తేల్చు లిఖితసాక్ష్యము లేదు. మార్పు చేసినవాడు మాత్రము కర్మ తెలిసినవాడు. చెంపకంటె నుదుటి చర్మము ముక్కునకు అనువైనదని చదువువలన కాదు, చేతివలన తెలియును.

ఆ వార్తను చదివిన లండను శస్త్రవైద్యుడు జోసెఫ్ కార్ప్యూ చాలాకాలము విచారించి, శవములపై అభ్యసించి, 1814లో ఒక సైనికాధికారికి ఈ కర్మను చేసెను. 1816లో గ్రంథమును ప్రకటించెను. 1818లో జర్మనీ దేశీయుడు కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫే నాసానిర్మాణమును గూర్చి గ్రంథము రచించెను. ఇటలీలో గాస్పరే టాగ్లియకోజ్జి 1597లోనే భుజచర్మముతో ముక్కును కట్టు విధిని ప్రకటించియుండెను. దానికిని మన దేశమునకును సంబంధము నిరూపితము కాలేదు. నుదుటి చర్మముతో చేయు కర్మకు భారతీయ పద్ధతి యను పేరు వైద్యలోకమున స్థిరపడినది. ముక్కు కర్కటవ్యాధి చేతనో ప్రమాదము చేతనో పోయినవారికి సంస్కరింపబడిన రూపమున ఆ పద్ధతి నేటికిని ఉపయోగింపబడుచున్నది.

పుణె వైద్యునికి ఆ విద్య కులక్రమమున వచ్చినదే కాని పాఠశాలలో వచ్చినది కాదు. ఉపనయనము లేనివానికిని బోధింపవచ్చునను కొందరి మతమును సంహిత ఏల భద్రపరచెనో ఇచ్చట స్ఫురించును. పండితులు గ్రంథమును కాపాడిరి, ఇటుకలు చేయువారు కర్మను కాపాడిరి. ఒకరి దగ్గర నున్నది మరియొకరికి తెలియలేదు. ఆ వైద్యుని పేరును వ్రాసినవారు లేరు.

మరల కలయిక

శాస్త్రమును హస్తమును మరల ఒక్కచోట చేర్చిన ఘట్టము కలకత్తాలో జరిగినది. అచ్చటి సంస్కృత కళాశాలలో వైద్యము చదివి, అచ్చటనే బోధించిన మధుసూదన గుప్తుడు సుశ్రుతసంహితను పరిష్కరించెను. 1835-36లో అది ముద్రితమై వెలువడెను. 1835లో స్థాపింపబడిన కలకత్తా వైద్యకళాశాలలో ఆయన బోధకుడై, 1836లో స్వహస్తముతో శవచ్ఛేదనము చేసెను. లోకము ఆశ్చర్యపడినది, కొందరు నిందించిరి. సంహితను పరిష్కరించిన పండితునికి మాత్రము అది కొత్త ఆచారము కాదు, శారీరస్థానము ఐదవ అధ్యాయమున విహితమైన కర్మ. 1856లో ఆయన పరమపదించెను.

పిమ్మట కుంజలాల్ భిషగ్రత్న ఆంగ్లానువాదము 1907 నుండి 1916 వరకు మూడు సంపుటములుగా వచ్చెను. యాదవజీ త్రికమజీ ఆచార్య డల్హణుని నిబంధసంగ్రహముతో కూడిన ముద్రణమును సిద్ధపరచెను. నేపాళమున ఖాట్మండు కైసర్ గ్రంథాలయమునందలి తాళపత్రప్రతి క్రీ.శ. 878లో వ్రాయబడినది. 2013లో అది యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చబడెను. అచ్చుప్రతులందు అధ్యాయాదిని ధన్వంతరి పేర కానవచ్చు వాక్యము ఆ ప్రాచీనపాఠమున లేదు. ఆ పాఠము ననుసరించి కర్ణనాసాసంధానాధ్యాయమును డొమినిక్ వుయాస్టిక్ మున్నగు పరిశోధకులు 2023లో ప్రత్యేక గ్రంథముగా ప్రకటించిరి. వేయి సంవత్సరములకు పైగా పూర్వపు పాఠము లభించుటచే, డల్హణుని కాలమునకు ముందు ఈ అధ్యాయము ఎట్లుండెనో అక్షరమక్షరము పోల్చి చూచుటకు అవకాశము కలిగినది.

ఈ పోలికకు వ్యాకరణము తెలిసిన కన్ను ఎంత అవసరమో, కర్మ తెలిసిన చేయియు అంత అవసరము. లేపిన చర్మము అంటియున్నదా తెగినదా యను సందేహము ఒక్క కృదంతరూపముపై ఆధారపడును. ఆ రూపమును వైయాకరణుడు నిర్ణయించును. తెగిన చర్మము జీవించునో లేదో శస్త్రవైద్యుడు చెప్పును. ప్రాచ్యకళాశాలలో ఈ అధ్యాయమును పాఠము చెప్పువారు సమీపమునందలి వైద్యకళాశాలలోని శస్త్రాచార్యుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చెప్పినచో, దివోదాసుని ఆశ్రమమున సహాధ్యాయులందరి పక్షమున సుశ్రుతుడు అడిగిన ప్రశ్నలకు నిండు సమాధానము లభింపగలదు.